అన్నకు బట్టలు పెట్టమ్మా

మా నాయన పోయిన తరువాత ఆయన నల్ల ట్రంకుపెట్టె తెరిచినప్పుడు, అడుగున మడత పెట్టిన ఉన్ని జెర్సీ కింద, పురికొసతో కట్టిన చిన్న కాగితాల కట్ట ఒకటి దొరికింది. పాత రశీదులేమోననుకొని పక్కన పెట్టబోయి, ఎందుకో విప్పి చూశాను. డబ్బు ముట్టిన తరువాత పుచ్చుకున్నవారి సంతకంతో తపాలా వారు పంపినవారికి తిప్పి పంపే మనియార్డరు ముక్కలవి. మొత్తం 25. అన్నింటి మీదా సంతకానికి బదులు ఒకే మనిషి బొటనవేలి ముద్ర ఉంది. 1970 నాటి ముద్రలో గీతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉన్నాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గీతలు అరిగిపోతూ వచ్చి, 1994 నాటి ముక్క మీద నడుమ ఒక తెల్లటి మచ్చా, చుట్టూ కాస్త సిరామరకా మాత్రమే మిగిలాయి.

ఆ వేలు మా నాయనమ్మది కాదు. కంభం దగ్గర ఒక పల్లెలో బతికి, అక్కడే కన్నుమూసిన ఒక తల్లిది. ఆమె కొడుకు, మా నాయన ఒకే ఏడు సైన్యంలో చేరారు. 1962 యుద్ధం తరువాత సైన్యాన్ని పెంచుతున్న రోజులవి. కనిగిరి, కంభం, గిద్దలూరు వైపు మెట్ట పల్లెల్లో వాన పడితే పంట, లేకపోతే వలస. పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లవాడికి భర్తీకి పోవడం కూడా ఒక బతుకుదారిగానే కనబడేది. దేశభక్తి అప్పుడు లేదని నేననడం లేదు. ఆకలీ దేశభక్తీ ఒకే పెట్టెలో సర్దుకొని రైలెక్కిన తరం వారిది. ఆ మాట దాచిపెట్టి వారిని పొగిడితే, వారి బతుకులో సగం చెరిపేసినట్టు అవుతుంది.

ఆ తల్లి కొడుకు, సైన్యానికి తిండీ సామానూ చేరవేసే ఆర్మీ సర్వీస్ కోర్‌లో డ్రైవరు. మా నాయన కంటే ఆరు నెలలు పెద్ద కనుక మా నాయనకు ‘అన్న’. 1969 చలికాలంలో, ఇప్పుడు అరుణాచల్ ప్రదేశ్ అంటున్న ప్రాంతంలో, మా నాయన తరం వారు చివరిదాకా ‘నేఫా’ అనే పిలిచిన కొండల్లో, బొమ్‌దిలా నుంచి తవాంగ్ వెళ్ళే దారిలో, రేషన్ మోసుకుపోతున్న ఆయన శక్తిమాన్ లారీ పొగమంచులో లోయలోకి జారిపోయింది. పదమూడు వేల అడుగులు దాటిన సేలా కనుమ దారి అది. కాన్వాయ్‌లో రెండు బళ్ళ వెనుక మా నాయన ఉన్నారు. ఇంతకుమించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నేను అడిగినప్పుడల్లా, ‘ముందు బండి ఎర్ర దీపం కనబడింది, మళ్ళీ చూస్తే కనబడలేదు’ అని ఊరుకునేవారు.

పార్థివదేహాన్ని జెండా కప్పి సొంత ఊరికి చేర్చడం ఈనాడు మనకు అలవాటైన దృశ్యం. అది దేశమంతటా స్థిరపడింది 1999 కార్గిల్ యుద్ధంతోనే. 527 మంది ప్రాణాలు పోయిన ఆ యుద్ధంలో పెట్టెలు ఊళ్ళకు చేరడం టీవీల్లో చూసి దేశం కన్నీరు పెట్టుకున్నది. అంతకుముందు సరిహద్దులో పోయినవారికి చాలావరకు అక్కడే అంత్యక్రియలు జరిగేవి. ఇంటికి ముందు టెలిగ్రాము, ఆ తరువాత ఎప్పటికో సామాను పెట్టె వచ్చేవి. ఆ తల్లికి కూడా పెట్టే వచ్చింది. మూత మీద తెల్లరంగుతో కొడుకు నంబరూ పేరూ ఇంగ్లీషులో రాసి ఉన్నాయి. ఆమెకు చదువు రాదు. ఆ అక్షరాల మీద చెయ్యి వేసి కొడుకును తడుముకున్నదని ఊరివాళ్ళు చెప్పుకున్నారు. సమాధి లేదు, బూడిద లేదు, చూసి ఏడవడానికి ముఖం లేదు.

1970 సంక్రాంతికి ముందు మా నాయన మొదటి మనియార్డరు పంపారు. పదిహేను రూపాయలు. ఫారం కింది భాగంలో కబురు రాసుకోవడానికి ఉండే చిన్న జాగాలో ఆయన రాసిన మాటను ఆ ఊరి పోస్టుమాన్ తల్లికి చదివి వినిపించాడు: ‘అన్నకు బట్టలు పెట్టమ్మా. నేను బాగున్నాను.’ సైన్యంలో ఉన్నన్నాళ్ళు యూనిట్ నుంచి, 1979లో డిశ్చార్జి అయి వచ్చాక కనిగిరి నుంచి, ఆ తల్లి బతికి ఉన్నంతకాలం ప్రతి ధనుర్మాసంలోనూ ఆ డబ్బు వెళ్ళింది. చివరి ఏళ్ళలో వంద రూపాయలు. కబురు మాత్రం మారలేదు. మన వైపు సంక్రాంతి అంటే పెద్దల పండుగ అని తెలిసిందే. పోయినవారికి కొత్త బట్టలు పెట్టి, వండినది విస్తట్లో వడ్డించి, వారి పేరు చెప్పుకొని, ఆ తరువాతనే ఇంట్లోవారు తింటారు. ఆ తల్లి కొడుకు పేరున కొత్త పంచె పెట్టి, పండుగ అయ్యాక దాన్ని తమ్ముడి వరసయ్యే ఎవరో ఒక పిల్లవాడికి కట్టించేది.

సైనికుల స్మరణ అంటే ఏమిటని ఎవరైనా నన్ను అడిగితే ఆ 25 ముక్కలు చూపించాలనిపిస్తుంది. పోయిన మనిషి వదిలి వెళ్ళిన పనిలో కొంత మన నెత్తిన వేసుకొని, అది అయిపోయేదాకా చెయ్యడాన్నే నేను స్మరణ అంటాను. మిగిలినదంతా, దండలు, ఉపన్యాసాలు, కొవ్వొత్తుల ఊరేగింపులు, ఆ పనికి తోడుగా ఉంటే గౌరవం. ఆ పని లేకుండా అవి మాత్రమే ఉంటే, పోయినవాడి పేరు మనం వాడుకున్నట్టే. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు. ఎందుకు అంటున్నానో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మా ప్రాంతంలోనే ఒక విద్యాసంస్థలో అమరవీరులకు నివాళి సభ జరిగితే, మా నాయనను, మరో ఆరుగురు మాజీ సైనికులను పిలిచారు. పతకాలు పెట్టుకొని రమ్మన్నారు. అందరూ డెబ్భై దాటినవారే. ముఖ్య అతిథి రాక ఆలస్యమైతే రెండు గంటలకు పైగా వారిని ఎండలో వరుసగా నిలబెట్టారు. నిలబడటం సైనికులకు అలవాటేనని నిర్వాహకుడొకరు పిల్లలకు మైకులో చెప్పాడు. వేదిక వెనుక కట్టిన ఫ్లెక్సీలో ఆ ప్రాంతం నుంచి సరిహద్దులో చనిపోయిన యువకుడి ఫొటో తపాలా బిళ్ళంత, అతిథుల ఫొటోలు నిలువెత్తు. ఆ యువకుడి ఇంటిపేరు తప్పుగా అచ్చయింది. అతని తండ్రి మొదటి వరుసలో కూర్చొని ఆ తప్పు అక్షరాన్నే చూస్తూ ఉండిపోయాడు. సభ ముగిసేదాకా ఆ పేరును ఎవరూ దిద్దలేదు. ఇంటికి వచ్చాక మా నాయన పతకాలు విప్పి పెట్టెలో పెట్టి, ‘ఆ పిల్లోడి పేరన్నా సరిగా రాసుండాల్సింది’ అన్నారు. ఎండలో నిలబెట్టిన సంగతి ఆయన ఎత్తనే లేదు.

పోయినవారిని మనం ఎట్లా తలచుకుంటామన్నది పాత ప్రశ్న. నెల్లూరు సీమలో అది మరీ పాతది. పదమూడవ శతాబ్దంలో నెల్లూరు రాజు మనుమసిద్ధి సేనానిగా ఉండిన ఖడ్గతిక్కన కథ మన వైపు తెలియనివారుండరు. పశువుల మందల దొర కాటమరాజుతో పోరులో సేన దెబ్బతిని అతడు ఇల్లు చేరితే, భార్య మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద ఉంచి, ఆడవాళ్ళకు పెట్టినట్టు స్నానానికి నీళ్ళు పెట్టిందట. తల్లి విరిగిన పాలు వడ్డించి, పసులూ విరిగాయి, పాలూ విరిగాయి అన్నదట. అతడు మళ్ళీ పోయి పోరాడి చచ్చిపోయాడు. చిన్నప్పుడు బడిలో ఆ చాటువులు వల్లిస్తూ నేనూ ఉప్పొంగిపోయాను. సైనికుడి ఇంట్లో పెరిగి, పెద్దయ్యాక అదే కథ తలచుకుంటే కలవరం కలుగుతుంది. యుద్ధభూమి నుంచి ప్రాణాలతో వచ్చిన మనిషికి సొంత ఇంట్లో చోటు లేదని చెప్పే కథ అది. అతనితోబాటు పోరుకు వెళ్ళి తిరిగి రానివారి గురించి, ఆ రోజు ఏమి చూశావని అతణ్ణి అడిగినవారు ఆ కథలో ఒక్కరూ లేరు.

మరణాన్నే కొలతగా పెట్టుకున్న గౌరవం తిరిగి వచ్చినవాణ్ణి తప్పుచేసినవాడిలా నిలబెడుతుంది. మాజీ సైనికులతో కూర్చొని మాట్లాడినవారికి ఇది తెలుసు. వారిలో చాలామంది మనసులో ఒక లెక్క తేలకుండా ఉండిపోతుంది: ఆ రోజు ఆ బండిలో వాడెందుకున్నాడు, నేనెందుకు లేను? మా నాయన ఆ మాట పైకి ఎన్నడూ అనలేదు. కానీ మనియార్డరు కట్టి వచ్చిన రోజు రాత్రి మాత్రం ఆయన త్వరగా పడుకునేవారు కాదు, అరుగు మీద కూర్చొని బీడీ తరువాత బీడీ కాల్చేవారు. పోయినవారి జ్ఞాపకాన్ని మోస్తున్నది బతికి వచ్చినవారే. రాళ్ళూ విగ్రహాలూ దాన్ని మోయలేవు. అందుకే బతికి ఉన్న మాజీ సైనికుణ్ణి పక్కన పెట్టి అమరుణ్ణి గౌరవిస్తామనడం నాకు అర్థం కాదు.

అయితే మన పెద్దలు నేర్పిపోయింది ఖడ్గతిక్కన కథ ఒక్కటే కాదు. ఊరి పొలిమేరల్లో, పాడుపడిన గుళ్ళ పక్కన, కత్తి ఎత్తిన మనిషి బొమ్మ చెక్కిన రాళ్ళు మన జిల్లాల్లో నేటికీ కనిపిస్తాయి. వాటిని వీరగల్లులు అంటారు. వాటిలో ఎన్నో రాజుల యుద్ధాలకు సంబంధించినవి కావు. ఊరి ఆలమందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడి జ్ఞాపకార్థం నిలిపినవి. రాయి నిలపడంతోనే ఊరి బాధ్యత తీరిపోయేది కాదు, చచ్చినవాడి వారసులకు భూమి ఇచ్చేవారు. పొరుగున కన్నడ శాసనాల్లో ఆ దానానికి నెత్తరు కొడగి అని పేరు, అంటే నెత్తుటికి ఇచ్చిన భూమి. ఆ రాతిని నిలిపినవారికి స్మరణా పోషణా వేరువేరు కావు. మనమిప్పుడు రాతిని సభవారికి, భూమిని ఆఫీసుల వారికి అప్పజెప్పి, రెండింటికీ సంబంధం లేనట్టు ఊరుకున్నాం.

నెల్లూరు పట్నంలో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా ఉంది. పోరులో ఒరిగిన పన్నెండుగురు వీరుల సమాధులవి. గండవరం దగ్గర తలలు తెగి పడితే మొండేలను గుర్రాలే ఇక్కడికి తెచ్చాయని జనం చెప్పుకుంటారు. మొహర్రం నెలలో అక్కడ జరిగే రొట్టెల పండుగకు హిందువులూ ముస్లిములూ ఒకటై లక్షల్లో వస్తారు. కోరిక తీరినవారు చెరువు నీళ్ళలో నిలబడి, అదే కోరిక ఉన్న మరొకరికి రొట్టె ఇస్తారు. పుచ్చుకున్నవారు తింటారు, వారి కోరిక తీరితే వారూ రొట్టెతో రావాలి. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె. నెల్లూరిలో పుట్టి పెరిగినవారు ఈ పండుగను ఎన్నోసార్లు చూసి ఉంటారు. నన్ను కదిలించేది ఒక్కటే: యుద్ధంలో పోయిన పన్నెండుమంది జ్ఞాపకం ఇన్ని తరాలు నిలిచింది ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళే రొట్టె వల్ల. అక్కడ యుద్ధనినాదాలు వినిపించవు, పగ మాట ఎవరూ ఎత్తరు. తిండి పెట్టడమూ ఆశ పంచుకోవడమూ ఆ వీరులకు నివాళి అయ్యాయి.

చెన్నపట్నం వైద్యానికని వెళ్ళినప్పుడొకసారి మా నాయనను నందంబాక్కంలోని యుద్ధ శ్మశానవాటికకు తీసుకువెళ్ళాను. రెండవ ప్రపంచయుద్ధం నాటి ఎనిమిది వందలకు పైగా సమాధులున్న చోటు అది. అధికారికీ సిపాయికీ ఒకే కొలత రాయి, ఒకే వరుస, పచ్చిక అంతా ఒకే ఎత్తులో కత్తిరించి ఉంది. ఆయన కర్ర ఆనించుకొంటూ ఒక్కొక్క రాయి దగ్గరా ఆగి పేరూ, వయసూ చదివించుకున్నారు. 21, 19, 24. చాలాసేపటి తరువాత, ‘డ్రైవర్లకి కూడా రాయి వేశారా?’ అని అడిగారు. ఉంటారనే చెప్పాను. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

అన్న చనిపోయిన కొత్తలో ఊళ్ళో కొందరు ఆ తల్లిని ‘యుద్ధంలో పోయాడా, బండి బోల్తాపడి పోయాడా?’ అని అడిగేవారట. సైన్యం లెక్కల్లో ఈ తేడా ఉంది. శత్రువుతో పోరులోనో, అట్లా ప్రకటించిన విధుల్లోనో పోతే బ్యాటిల్ క్యాజువాల్టీ, లేకపోతే ఫిజికల్ క్యాజువాల్టీ. అమరవీరుడు అనే మాట సైన్యం తన రికార్డుల్లో వాడదు. పింఛను నిర్ణయించడానికి ఆ విభజన అవసరం కావచ్చు, దాని మీద నాకు వాదన లేదు. ఊరికి ఆ విభజన ఎందుకు? ఆ లారీలో ఉన్న బియ్యం, కిరోసిన్ అందితేనే పైన కాపలా ఉన్నవాడు ఆ రాత్రి బతికేది. తూటా తగిలితే వీరుడు, లోయలో పడితే ప్రమాదం అని మనం కూడా గీత గీస్తే, వంటవాణ్ణి, డ్రైవరును, మంచులో తీగలు లాగినవాణ్ణి, జ్వరంతో ఫీల్డు ఆసుపత్రిలో పోయినవాణ్ణి అందరినీ ఆ గీతకు అవతల పారేసినట్టే. యూనిఫాం వేసుకొని పనిలో ఉండగా పోయిన ప్రతి మనిషి పేరూ సొంత ఊళ్ళో రాతి మీద ఉండాలన్నది నా పట్టు.

ఢిల్లీలో పని జరగలేదని కాదు. 1931లో ప్రారంభమైన ఇండియా గేటు మీద పరాయి పాలకుల కోసం పోరాడి పోయిన 13 వేల పైచిలుకు పేర్లున్నాయి. స్వతంత్ర భారత సైనికుల కోసం 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధస్మారకంలో 25 వేలకు పైగా పేర్లను గ్రానైటు ఫలకాల మీద చెక్కారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు దశాబ్దాలకు ఆ పని జరిగింది, సంతోషించాను. కానీ కంభం పల్లెలోని అన్న చెల్లెలు ఢిల్లీ వెళ్ళి పేరు వెతుక్కోలేదు. రోజూ నీళ్ళకు వెళ్ళే దారిలో కనబడే రాయి ఆమెకు కావాలి.

జనవరి 14ను సైన్యం వెటరన్స్ డేగా జరుపుతోంది. తొలి భారతీయ సర్వసేనాని కరియప్ప 1953లో ఉద్యోగ విరమణ చేసిన రోజది. మన వైపు చాలా ఏళ్ళలో అదే భోగి. మంటలు, పిండివంటలు, అల్లుళ్ళ హడావిడిలో ఆ రోజు మనకు గుర్తుండదు, దానికి ఎవరినీ తప్పు పట్టను. అయితే పోయినవారికి బట్టలు పెట్టే పండుగా, బతికి వచ్చిన సైనికుల రోజూ ఒకదాని పక్కన ఒకటి వచ్చిన ఈ కలయికను ఊళ్ళు వాడుకోవచ్చు గదా అనిపిస్తుంది. భోగినాటి ఉదయం ఊళ్ళోని మాజీ సైనికుణ్ణి ఇంటికి పిలిచి, ఆయనతో పనిచేసి తిరిగి రాని ఒక్క మనిషి గురించి చెప్పమని అడగండి. ఆయన చెబుతున్నప్పుడు మధ్యలో జేజేలు కొట్టకండి. ఫోనులో పట్టుకోకండి. ఆయన ఆగిపోతే, ఆగనివ్వండి.

ఇక నవంబరు మాట. పింఛనుదారులు తాము బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకోవలసిన నెల అది. మా నాయన పోయాక ఈ నెలలో నేను చేసే పని ఒకటే, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ముసలి సైనికులను, వారు పోయిన ఇళ్ళలో భార్యలను సేవాకేంద్రానికి తీసుకుపోయి వేలిముద్ర వేయించడం. పొలంపనిలో, కుంపటి దగ్గర అరిగిపోయిన వేళ్ళను యంత్రం ఒప్పుకోదు. గుడ్డతో తుడిచి, ఒకసారి, రెండోసారి, వేలు మార్చి మూడోసారి. కొందరికి అంతకంటే పెద్ద చిక్కు, భర్త సర్వీసు రికార్డులో భార్య పేరు ఒకటి, ఆధార్‌లో మరొకటి. పెళ్ళయినప్పుడు, సైనికుడి కుటుంబ వివరాలు నమోదు చేసే పార్ట్ టూ ఆర్డర్‌లో గుమాస్తా రాసిన స్పెల్లింగు నలభై ఏళ్ళ తరువాత ఒక విధవరాలి ఫ్యామిలీ పెన్షన్‌ను ఆపుతుంది. డిశ్చార్జి బుక్కు, పీపీఓ అనే పింఛను ఉత్తర్వు, అఫిడవిట్టు పట్టుకొని రికార్డ్ ఆఫీసుకు ఉత్తరాలు రాయడానికి చదువుకున్న పిల్లవాడు ఒకడు ఊళ్ళో ముందుకు వస్తే చాలు. సాయుధ దళాల పతాక దినమైన డిసెంబరు 7న జెండా బిళ్ళ కొని చొక్కాకు పెట్టుకునే ప్రతి విద్యార్థికీ ఈ పని గురించి చెప్పాలని నా కోరిక. 1949 నుంచి ఆ రోజు వసూలు చేసే డబ్బు వెళ్ళేది ఈ కుటుంబాలకే.

అన్న చెల్లెలు ఇప్పటికీ ఆ పల్లెలోనే ఉంది. నేను ‘అత్తా’ అంటాను, ఆమె ‘అబ్బయ్యా’ అంటుంది. ఆయన పేరు రాతి మీద ఉండాలని ఇంతగా వాదిస్తూ ఇక్కడ ఎందుకు రాయలేదని అడుగుతారేమో. రాయనా అని ఆమెనే అడిగాను. ‘ముందు ఊళ్ళో పడనీ అబ్బయ్యా, తరువాత నీ రాతల్లో’ అన్నది. ఆ మాట దాటలేను.

పోయిన నెల చీమకుర్తి వెళ్ళి రాయి చూసి వచ్చాను. నల్లటి పలక, లోపల చుక్కలు మెరుస్తున్నాయి. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, ‘డ్రైవరు, ఆర్మీ సర్వీస్ కోర్’, చోటు బొమ్‌దిలా-తవాంగ్ దారి. ‘అమరవీరుడు’ అని కూడా వేద్దామని ఊరి పెద్దలు అన్నారు, వద్దనడానికి నాకు నోరు రాలేదు. కాగితం మీద రాసిన ముసాయిదా తీసుకెళ్ళి అత్తకు చదివి వినిపించాను. చెక్కేవాడు అక్షరానికి ఇంతని తీసుకుంటాడని కూడా చెప్పాను. ఆమె కళ్ళు మూసుకొని విని, ఇంకోసారి చదవమన్నది. చదివాను.

‘ఇట్టా పిలిస్తే వాడు పలికేవాడు కాదబ్బయ్యా’ అన్నది. ‘ఇంట్లో పిలిచే పేరు కూడా ఏయించు. రెండక్షరాలే.’